కండబలం మగవాళ్ళ సొత్తా?

"పొద్దున్న లేచింది మొదలు ఒక్క నిమిషం కూర్చోను. ఇంకా నాకు వేరే వ్యాయామం ఎందుకండీ?" అని అడగని ఇల్లాలు అరుదు. నిజమే, మన చాకిరీకి లోటేమీ లేదు. కానీ అదే ఇల్లాలు పూజ చేసుకుని నేలమీంచి లేవాలంటే ఓ చెయ్యి గోడకి ఆనించాల్సి వస్తుంది. అటకమీది డబ్బా దించాలంటే కొడుకు ఎప్పుడొస్తాడా అని చూడాలి. రోజంతా పనిచేసే ఒంట్లో బలం ఎందుకు పెరగదు? ఎందుకంటే అలసట వేరు, బలం వేరు!

కండ లోపల ఏముంది?

మన ఒంట్లో ఆరువందలకు పైగా కండరాలున్నాయి. ఒక్కో కండరం సన్నని పోగుల కట్ట. ఆ పోగుల్లో మయోసిన్, యాక్టిన్ అనే రెండు రకాల ప్రొటీన్ తీగలుంటాయి. రెండు చేతుల వేళ్ళనీ ఎదురెదురుగా పెట్టి ఒకదాని సందుల్లోకి ఒకటి జొనిపినట్టు, ఈ తీగలు ఒకదాని మధ్యకి ఒకటి జరుగుతాయి. అప్పుడు కండరం కురచబడి ఎముకను లాగుతుంది. ఈ సంగతిని 1954లో బయటపెట్టిన వారిలో జీన్ హాన్సన్ అనే మహిళా శాస్త్రవేత్త కూడా ఉన్నారు.

పోగుల్లో స్థూలంగా రెండు జాతులున్నాయి. మొదటివి ఓపిక పోగులు. తక్కువ బలంతో చాలాసేపు పనిచేస్తాయి. రెండోవి బలం పోగులు. ఇవి గట్టిగా లాగుతాయి గానీ త్వరగా అలిసిపోతాయి. మెదడు మహా పొదుపరి! పనికి ఎన్ని పోగులు కావాలో అన్నిటినే లేపుతుంది. ఊడ్చడం, వంట, బట్టలు ఆరెయ్యడం లాంటి పనులకి ఓపిక పోగులు చాలు. బరువు పడితేనే బలం పోగులకి పిలుపు వెళ్తుంది. వయసు పెరిగేకొద్దీ ఎక్కువగా సన్నబడేవి కూడా ఇవే. కాలు జారినప్పుడు చటుక్కున నిలదొక్కుకోవాలన్నా, పీటమీంచి ఒక్క ఊపున లేవాలన్నా కావాల్సింది వీటి సాయమే.

బరువు పెరగాలి

రెండో ప్రపంచయుద్ధంలో గాయపడిన అమెరికా సైనికులకి థామస్ డెలోర్మ్ అనే సైనిక వైద్యుడు చికిత్స చేసేవారు. బలహీనపడిన కాళ్ళకి తేలిక వ్యాయామాలు కాదు, బరువులు ఇచ్చి, వాటిని మెల్లమెల్లగా పెంచుతూ పోయారు. ఆ పద్ధతిని 1945లో ప్రచురించారు. నేటికీ మూలసూత్రం అదే. నిన్న మోసిన బరువే ఇవాళా, రేపూ మోస్తుంటే కండరానికి ఎదగాల్సిన అవసరం కనబడదు. ఇంటిపనితో వచ్చిన చిక్కు కూడా అదే. అదే బిందె, అదే బకెట్టు, అదే చీపురు.

మొదటి కొద్ది వారాల్లో కండ లావెక్కినట్టు కనబడదు గానీ బలం పెరుగుతుంది. నరాలు ఎక్కువ పోగుల్ని ఒకేసారి లేపడం నేర్చుకోవడమే దీనికి కారణం. పోగులు లావెక్కడం ఆ తర్వాత, నెలల తరబడి సాగే పని.

మగరాయుళ్ళమైపోతామా?

ఈ భయం చాలామందికి ఉంది. కండల్ని బాగా లావు చేసే టెస్టోస్టెరాన్ హార్మోను మగవాళ్ళతో పోలిస్తే మనలో చాలా తక్కువ. కాబట్టి ఒళ్ళు బిగువెక్కుతుంది, మెట్లెక్కడం సులువవుతుంది, అంతే. ఇంకో లాభం ఏమిటంటే, భోజనం తర్వాత రక్తంలో చేరే చక్కెరలో ఎక్కువభాగాన్ని పీల్చుకునేది కండరాలే. షుగరు వ్యాధి ఉన్న ఇళ్ళలో ఇది చిన్న విషయం కాదు.

ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్‌కి ఒలింపిక్స్‌లో చోటు దొరికింది 2000లో, సిడ్నీలో. ఆ మొదటి అవకాశంలోనే శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ మన తెలుగింటి పిల్లే!

ఇంట్లోనే మొదలుపెట్టండి

పెద్ద కండరాలన్నిటికీ వారానికి కనీసం రెండు రోజులు బలం పెంచే వ్యాయామం చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మధ్యలో ఒకరోజు విశ్రాంతి ఉండేలా చూసుకోండి.

* గోడకి ఆనించిన గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా లేచి నిలబడాలి. మళ్ళీ మెల్లగా కూర్చోవాలి.
* గోడకి ఓ అడుగున్నర దూరంలో నిలబడి, అరచేతులు గోడకి ఆనించి, మోచేతులు వంచుతూ ముందుకి వాలి వెనక్కి రావాలి.
* వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, పాదాలు నేలకి అదిమి నడుము పైకెత్తాలి.
* కాస్త ముందుకి వంగి, ఒక చెయ్యి బల్లకి ఆనించి, రెండో చేత్తో నీళ్ళసీసా పట్టుకుని మోచెయ్యి వెనక్కి వచ్చేలా పైకి లాగాలి. లీటరు సీసా అంటే కిలో బరువు.

ఒక్కోటీ 8 నుంచి 12 సార్లు. చివరి రెండు మూడు సార్లు కష్టంగా అనిపించాలి. పన్నెండూ సునాయాసంగా వస్తున్నాయంటే బరువు పెంచే సమయం వచ్చిందన్నమాట. సీసాకి బదులు రెండు కిలోల పప్పు పెట్టిన సంచీ, కుర్చీలోంచి లేచేటప్పుడు ఒళ్ళో అదే సంచీ! బరువెత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకండి, వదలండి. మర్నాడు కండలు సలపడం మామూలే. కీలులో పోటు వస్తే మాత్రం ఆపెయ్యాలి. బీపీ, గుండెజబ్బు, గర్భసంచి జారడం వంటివి ఉన్నవాళ్ళు, ఆపరేషనో కాన్పో అయి ఎన్నాళ్ళో కానివాళ్ళు ముందుగా డాక్టరుని అడగాలి.

పప్పు మీకూ మిగలాలి

కండ పెరిగేది విశ్రాంతిలో, అదీ తిండివల్ల. రోజుకి ప్రతి కిలో ఒంటిబరువుకీ 0.83 గ్రాముల ప్రొటీను కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ లెక్క. 55 కిలోలుంటే సుమారు 46 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో కూడా ఇంచుమించు అంతే. అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలే పప్పునీళ్ళతో ఈ లెక్క తేలదు!

"ఈ వయసులో ఇంకెందుకులే" అనేవారికి ఓ సంగతి. 1990లో బోస్టన్‌లోని ఓ వృద్ధుల ఆశ్రమంలో సగటున 90 ఏళ్ళున్న పదిమందితో ఎనిమిది వారాలు కాళ్ళకి బరువుల వ్యాయామం చేయించారు. తొమ్మిదిమంది పూర్తిచేశారు. వాళ్ళ కాళ్ళబలం సగటున రెండున్నర రెట్లు దాటింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు.

అత్తగారికి కూడా ఓ కుర్చీ వెయ్యండి. ఇద్దరూ కలిసి మొదలుపెట్టొచ్చు.