రిబ్బను పువ్వు

మహారాష్ట్రలోని షోలాపూర్ నేతకు పేరుపొందిన పట్టణం. 1877లో ఇక్కడ నూలుమిల్లు వెలసింది. బతుకుతెరువు కోసం తెలంగాణ జిల్లాల నుండి వచ్చిన పద్మశాలీలు ఇక్కడ స్థిరపడి మగ్గాలు నెలకొల్పారు. జకార్డు మగ్గాలపై రంగురంగుల పూలు తేల్చి నేసే షోలాపూర్ చద్దరు దేశమంతటా ప్రసిద్ధి చెందింది.

ఈ నేతవాడల ఆడపిల్లలకు రిబ్బను కొత్త కాదు. పూర్వం పండుగలకు, పెళ్ళిళ్ళకు జడ చివర జడకుచ్చులు కట్టేవారు. ఇప్పుడు రిబ్బను పువ్వు కుట్టిన క్లిప్పులు కూడా పెట్టుకుంటున్నారు. వీటిని ఇంట్లోనే చేసుకోవచ్చు. అయితే, ముందుగా రిబ్బను నేత తెలియాలి.

రిబ్బను కూడా మగ్గం మీద నేసిన సన్నని బట్టే. దానిలోనూ పడుగు, పేక ఉంటాయి. పేకపోగు అంచు వద్ద మలుపు తిరిగి వెనుకకు వస్తుంది. అందుచేత ప్రక్క అంచులు ఊడవు. కత్తెరతో అడ్డంగా కోసిన చోట మాత్రం చివరి పేకపోగులకు పట్టు ఉండదు. అవి ఒక్కొక్కటిగా జారిపోతాయి. సాటిన్ రిబ్బనులో ఈ బాధ ఎక్కువ. మామూలు నేతలో పడుగుపోగు ఒక పేకపోగు మీదుగా, మరొక దాని క్రిందుగా పోతుంది. సాటిన్ నేతలో నాలుగైదు పోగుల మీదుగా పోయి ఒక దాని క్రిందికి దిగుతుంది. అందువల్లనే దానికి నిగనిగ. అందువల్లనే అల్లిక వదులు.

కోసిన చివరను కాపాడే పద్ధతి నూలును బట్టి ఉంటుంది. పాలిస్టర్ సుమారు 260 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగుతుంది. కొవ్వొత్తి మంట ప్రక్కగా ఒక్క క్షణం చూపితే పోగులు కరిగి అతుక్కుంటాయి. ఈ పని పెద్దలే చేయాలి. మగ్గాల దగ్గర నూలుధూళి ఉంటుంది కనుక అక్కడ నిప్పు వెలిగించరాదు. నూలు రిబ్బను కరగదు, కాలిపోతుంది. దాని చివర మడిచి కుట్టాలి.

రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు గల రిబ్బను నుండి 18, 14, 8 సెంటీమీటర్ల ముక్కలు కోయాలి. మొదటి రెండింటినీ విడివిడిగా చుట్టలా వంచి, చివరలు నడుమకు వచ్చేటట్లు అణచాలి. పెద్దదానిపై చిన్నది ఉంచి, నడుమ అడ్డంగా కుట్లు వేసి దారం లాగాలి. కుచ్చు పడుతుంది. దారాన్ని నాలుగు చుట్లు చుట్టి ముడి వేయాలి. మూడవ ముక్కను నిలువుగా మడిచి, పువ్వు నడుమ నుండి క్లిప్పు పైరేకు చుట్టూ త్రిప్పి, వెనుక కుట్టాలి. రెండు రేకులనూ కలిపి చుడితే క్లిప్పు తెరుచుకోదు.

ఒక పువ్వుకు 40 సెంటీమీటర్ల రిబ్బను కావాలి. మీటరుకు రెండు పువ్వులు వచ్చి, 20 సెంటీమీటర్లు మిగులుతుంది. అమ్మదలచినవారు రిబ్బను, క్లిప్పు, దారం ఖరీదుతో ఆగరాదు. పట్టిన సమయాన్ని కూడా లెక్కకట్టాలి. షోలాపూర్‌లో ఎందరో తెలుగు స్త్రీలు ఇంట్లో కూర్చుని బీడీలు చుడతారు. ఆ పనికి వెయ్యి బీడీలకు ఇంత అని మజూరీ ఉంది. పువ్వు కుట్టే చేతులకూ మజూరీ ఉండాలి. ఇంట్లో చేసినంత మాత్రాన శ్రమ ఉచితం కాదు.