కంప్యూటరు లెక్కా, గుంటలోని మన్నూ

ఇరవై యేండ్లుగా పద్దులు వ్రాసే గుమాస్తాను నేను. చిట్టాలో నిలువ ఎంత చూపినా, సాయంకాలం పెట్టె తెరచి రొక్కం లెక్కపెట్టనిదే మాకు నమ్మకం కుదరదు. పొలం మన్నుకూ ఇదే న్యాయమని మా మేనమామ నాకు నేర్పినాడు.

తిరుమంగళం ప్రాంతంలో మనవారు నమ్ముకొన్నది నల్లరేగడి, ఆకాశం. అక్టోబరు, నవంబరు వానలు పదునుగా పడితే పత్తి పండుతుంది; ఒక్కపెట్టున కురిస్తే మన్ను చెరువు పాలు. నిరుడు గట్టు కోసం మామ ఒక కార్యాలయానికి పోయినాడు. "మీ పొలంలో కోత తక్కువని కంప్యూటరు చెబుతున్నది" అని త్రిప్పి పంపినారు. ఆ ఐప్పసిలో ఒక్క రాత్రి వానకే దిగువ మూల గండి పడ్డది.

కంప్యూటరు అబద్ధమాడినదా? అట్లా అనరాదు. ఇటువంటి లెక్కలలో పేరుబడ్డది, అమెరికాలో విష్‌మయర్, స్మిత్ అనువారు 1965లో వెలువరించిన సూత్రం. వాన జోరు, నేల గుణం, వాలు, దాని పొడవు, పైరు, గట్లు—వీటి అంకెలను గుణించి ఏటా సగటున పోయే మన్ను చెబుతుంది. ఒక్క రాత్రి సంగతి దానికి పట్టదు. పైగా పొలాలలో కొలిచి పరీక్షించగా, ఇట్టి లెక్కలు కొద్దిగా పోయేచోట ఎక్కువా, విస్తారంగా పోయేచోట తక్కువా చెబుతున్నవని తేలింది. 1998లో నియరింగ్ అనే శాస్త్రజ్ఞుడు కారణం వివరించినాడు: ప్రక్కప్రక్కనే ఒకే తీరున దున్నిన మడులలో సైతం, ఒకే వానకు పోయే మన్ను సమానంగా ఉండదు!

మన దేశంలో ఏటా 533 కోట్ల టన్నుల మన్ను కదలుతున్నదని, హెక్టారుకు 16 టన్నులకు పైమాటేనని ధ్రువనారాయణ, రాంబాబు 1983లో అంచనా కట్టినారు. అది దేశపు సగటు. మామ పొలం కాదు.

"ఇనుప మేకు దిగవేసి కొలుద్దాం మామా, ఒక్క మిల్లీమీటరు తరిగితే ఎకరాకు సుమారు 5 టన్నులు" అన్నాను.

మామ నవ్వినాడు. "రేగడి తడిస్తే పొంగుతుంది, ఎండితే కుంగుతుంది. నీ మేకు సాక్ష్యం చెల్లదురా అబ్బాయీ!"

దిగువ మూలలో గుంట త్రవ్వినాము. వాన వెలిసినప్పుడల్లా చేరిన మన్నును తట్టలతో ఎత్తి, తేదీ వేసి నోటుపుస్తకంలో వ్రాసినాము. సన్నని బురద నీటితోనే పోతుంది గనుక మా లెక్క తక్కువేగాని ఎక్కువ కాదు.

ఆ పుస్తకం చూపగా అధికారి స్వయంగా పొలానికి వచ్చినాడు. గట్టు ఇంకా రాలేదు. కాని ఈసారి చిట్టాతోపాటు పెట్టె కూడా తెరచి చూచినారు. సేద్యం చేసే మన బంధువులందరూ ఒక్క గుంట, ఒక్క పుస్తకం పెట్టుకొంటే మేలు.