రెండు రాత్రులనుకుంటే మూడయ్యాయి

"ఎక్కడికి? ఎవరితో? ఎప్పుడొస్తావ్?"

ఈ మూడు ప్రశ్నలకీ జవాబు చెప్పకుండా ఆడపిల్ల గడప దాటిన ఇల్లు నేనైతే చూడలేదు. ఏలూరులో డిగ్రీ చదివే రోజుల్లో సాయంత్రం ఆరు దాటితే మా నాన్న వీధి గుమ్మంలో నిలబడి ఉండేవారు. పెళ్ళయ్యాక అడిగే మనిషి మారారు, అంతే! ఆ ప్రశ్నలంటే నాకు ఒళ్ళుమంట. అలాంటిది 2024 ఏప్రిల్‌లో అమెరికా వెళ్ళినప్పుడు మా చెల్లెలు అవే ప్రశ్నలున్న కాగితం నా ముందు పెట్టి, "నువ్వు రాయక్కా, నీ దస్తూరీ బాగుంటుంది" అంది.

చెల్లెలు సాల్ట్ లేక్ సిటీలో ఉంటుంది. తనూ, తన ఆఫీసు స్నేహితురాలూ కలిసి నన్ను కయోటీ గల్చ్ అనే లోయకి నడిపించుకెళ్ళాలని పథకం వేశారు. యూటా రాష్ట్రం దక్షిణాన, ఎస్కలాంటే అనే చిన్న ఊరు దాటాక ఉన్న ఎడారి లోయ అది. గ్రాండ్ కాన్యన్‌లా గట్టున నిలబడి ఫొటో తీసుకుని వచ్చేసేది కాదు. లోపలికి దిగి నడవాలి, అక్కడే పడుకోవాలి. హోటల్ లేదు, కొట్టు లేదు, ఫోను పలకదు. మావారికి చెబితే, "రాళ్ళు చూడ్డానికి అంత దూరమెందుకు, మన గండికోట లేదా?" అన్నారు. ఏమాటకామాటే, గండికోటైనా ఆయన చూపించింది లేదు.

అసలు ఆ కాగితం ఎందుకంటారా? 2003లో ఆరన్ రాల్‌స్టన్ అనే యువకుడు అదే యూటాలో బ్లూజాన్ కాన్యన్‌కి ఒంటరిగా వెళ్ళాడు. ఎక్కడికెళ్తున్నాడో ఎవరికీ చెప్పలేదు. బండరాయి దొర్లి కుడిచెయ్యి ఇరుక్కుంది. ఐదు రోజులు అలాగే ఉండి, చివరికి తన చెయ్యి తనే కోసుకుని బయటపడ్డాడు. సినిమా కూడా తీశారు, మీలో చూసినవాళ్ళుంటారు. ఇంకా వెనక్కి వెళితే 1934లో ఎవరెట్ రూస్ అని ఇరవయ్యేళ్ళ కుర్రవాడు, బొమ్మలు వేసేవాడు, ఎస్కలాంటే నుంచే బయల్దేరాడు. మేం వెళ్ళిన లోయకి దగ్గర్లోనే ఇంకో లోయలో అతని గాడిదలు దొరికాయి. అతను మాత్రం ఇప్పటికీ దొరకలేదు.

ఆ కథలు విన్నాక కుదురుగా రాశాను. ఏ దారిన దిగుతాం, ఏ రాత్రి ఎక్కడ పడుకుంటాం, కారు నంబరు, ఆదివారం సాయంత్రానికి తిరిగి వస్తామని. ఆ చివరి వాక్యం దగ్గర ఇంట్లో చిన్న రగడ. "రాత్రి ఎనిమిదికి రాకపోతే పోలీసులకి ఫోన్ చేసేస్తా" అన్నాడు మా మరిది. "ఇదేమన్నా హాస్టలా?" అని చెల్లెలు కయ్యిమంది. మధ్యే మార్గంగా నేనే, "సోమవారం మధ్యాహ్నం పన్నెండు దాకా చూడు బాబూ. అప్పటికీ మా నుంచి కబురు లేకపోతే అక్కడి షెరిఫ్ ఆఫీసుకి చెయ్యి" అని రాసి ఫ్రిజ్‌కి అంటించాను.

సామాను సంగతి చెప్పాలి, ఎందుకంటే నా పరువు నిలిచింది అక్కడే. నీళ్ళు మనిషికి రోజుకి నాలుగు లీటర్లు లెక్క. అంటే నాలుగు కిలోలు వీపునే. లోయ అడుగున ఏరుంది గనక వడకట్టే పరికరంతో నింపుకోవచ్చు, కానీ ఏరు చేరేదాకా మోయాలి. అందుకని తిండి తేలిగ్గా ఉండాలి. రవ్వ ముందే దోరగా వేయించి, తాలింపు కలిపి పొట్లాలు కట్టాను. మరిగే నీళ్ళు పోసి మూత పెడితే ఉప్మా! సున్నుండలు, చింతకాయ పచ్చడి సరేసరి. కట్టెలు మండించడం అక్కడ నిషిద్ధం, చిన్న గ్యాస్ స్టవ్వు ఒకటే.

ఇంకో విషయం మగవాళ్ళు రాసే యాత్రా విశేషాల్లో కనబడదు. ఆ లోయలో మన మలం కూడా అక్కడ వదలకూడదు. తడిని గడ్డ కట్టించే పొడి వేసిన సంచులుంటాయి, వాటిలోనే వెళ్ళి, మూట కట్టి వెనక్కి మోసుకురావాలి. నెలసరి వస్తే ఆ సామాను కూడా అంతే. వినగానే కడుపులో తిప్పింది. కానీ మొదటిరోజు సిగ్గు రెండోరోజుకి లేదు. బస్టాండు మరుగుదొడ్లతో పోలిస్తే ఆ బండరాయి చాటు ఎంత శుభ్రమో!

ఊళ్ళోని ఆఫీసులో ఉచిత అనుమతి పత్రం తీసుకున్నాం. అందులోనూ అవే ప్రశ్నలు! హోల్ ఇన్ ద రాక్ అనే మట్టిరోడ్డు మీద ముప్ఫైనాలుగు మైళ్ళు ఒళ్ళు హూనమయ్యేలా వెళ్ళి, హరికేన్ వాష్ దగ్గర కారు పెట్టి దిగాం. 1879లో మార్మన్ కుటుంబాలు బళ్ళు కట్టుకుని వేసుకున్న దారిదే. ఆరు వారాలనుకున్న ప్రయాణం ఆరు నెలలు పట్టింది. దారిలో కాన్పులూ అయ్యాయి. ఆ తల్లుల్ని తలుచుకుంటూ నా వీపునొప్పి గురించి నోరెత్తలేదు.

వాష్ అంటే ఎండిన వాగు. ఇసుకలో అయిదు మైళ్ళు నడిచేసరికి అడుగున నీటి పొర కనబడింది. ఆపైన ఏటిలోనే నడక, చీలమండల లోతు నీళ్ళు. అటూ ఇటూ ఎర్రటి గోడలు. పద్దెనిమిది, పంతొమ్మిది కోట్ల ఏళ్ళ కిందటి ఇసుక దిబ్బలే రాయయ్యాయట. గోడల మీద నల్లటి చారలు, కట్టెల పొయ్యి ఉన్న వంటింటి గోడల్లా. జేకబ్ హాంబ్లిన్ ఆర్చ్ దగ్గర కొండ పందిరిలా మనమీదికి వంగి ఉంటుంది. రాతిలోంచి ఊటనీళ్ళు కారుతుంటాయి. ఆ రాత్రి మాట్లాడబుద్ధి కాలేదు. పొద్దున్నే ఎవరికీ కాఫీ ఇవ్వక్కర్లేదన్న సంగతి నాకు అక్కడ తట్టింది. పెళ్ళయిన పదిహేనేళ్ళలో అదే మొదటిసారి.

శనివారం కిందికి వెళ్ళి వస్తుంటే నాచుపట్టిన బండ మీద చెల్లెలి కాలు జారింది. విరగలేదు గానీ నిమిషాల్లో బూరెలా వాచింది. క్రేప్ బ్యాండేజీ కట్టాం. ఆదివారం పొద్దున్న స్నేహితురాలు, "నేనొక్కదాన్నే వెళ్ళి సాయం తీసుకొస్తా" అంది. చెల్లెలు "వెళ్ళు" అంది. నాకు మాత్రం ఆ కాగితం కళ్ళముందు మెదిలింది. సోమవారం పన్నెండు దాకా మనకి టైముంది, విడిపోవద్దన్నాను. తన సామాను మేమిద్దరం పంచుకున్నాం. ఎండ తగ్గాక రెండు మైళ్ళు కుంటిస్తూ వాష్ మొదలు దాకా నడిపించాం.

అక్కడ ఇసుక పరుపులా ఉంది. చెల్లెలు అక్కడే కూలబడిపోయింది. పడమర చూస్తే మబ్బు. స్నేహితురాలు ఒప్పుకోలేదు. 1997 ఆగస్టులో ఆరిజోనాలోని ఆంటెలోప్ కాన్యన్‌లో పదకొండుమంది కొట్టుకుపోయారు. వాన పడింది మైళ్ళ దూరంలో. వరద వచ్చేదాకా వాళ్ళకి తెలియనే లేదు. ఏడుస్తున్న చెల్లెల్ని పట్టుకుని గట్టుమీదికి ఎక్కించాం. వాన రాలేదు. రాళ్ళు గుచ్చుకుని రాత్రంతా ఎవరికీ నిద్రా రాలేదు.

తెల్లవారుజామున అయిదున్నరకి నీళ్ళు నింపుకుని బయల్దేరాం. ఇసుకలో వంద అడుగులు, ఆగడం, మళ్ళీ వంద. నేను పైకే లెక్కపెట్టాను. పదికి కారు కనబడింది. మట్టిరోడ్డు దాటి ఊరు దగ్గరికొచ్చేసరికి ఫోను పలికింది, పదకొండున్నర. మా మరిది గొంతు వణుకుతోంది. "షెరిఫ్ నంబరు ముందు పెట్టుకుని గడియారం చూస్తున్నా వదినా" అన్నాడు.

తర్వాత మావారికి చేశాను. అక్కడ రాత్రి పదకొండు. ఎత్తగానే, "ఎక్కడున్నావ్? నిన్న రావాలిగా? ఎప్పుడొస్తారు ఇంటికి?"

ఎస్కలాంటే ఊరి చివర, పెట్రోలు బంకు దగ్గరున్నామని చెప్పాను. చెల్లెలి కాలికి ఐసు పెట్టించి, ఏదైనా తిని, ఇంకో గంటలో బయల్దేరుతామనీ, అయిదారు గంటల ప్రయాణమనీ చెప్పాను. ఆయన ఆగి, "రాసుకుంటున్నా, మళ్ళీ చెప్పు" అన్నారు.