లాంచీపై వైర్‌లెస్ హెడ్‌సెట్: వాడకం, సంరక్షణ

విజయపురి సౌత్ రేవులో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు వెళ్లినవారు మీలో చాలామంది ఉంటారు. లాంచీ రేవును సమీపించే చివరి రెండు నిమిషాలను గుర్తు తెచ్చుకోండి. ఇంజను మోత, ప్రయాణికుల సందడి. లాంచీ అంచుకూ రేవు దిమ్మెకూ మధ్య ఎంత జాగా ఉందో సరంగుకు తన గదిలోంచి సరిగా కనిపించదు. మోకు పట్టుకొని ముందు నిలబడ్డ మనిషి కేక వేస్తాడు. అందులో సగమే సరంగు చెవిన పడుతుంది. ఆ సగం మాటను నమ్మి నడిపిన పడవ దిమ్మెను గుద్దుకోవడం ఒకసారి వేరొక రేవులో నేను కళ్లారా చూశాను. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, అది అదృష్టం.

వైర్‌లెస్ హెడ్‌సెట్ పని ఈ సగం మాటను పూర్తి మాటగా చేయడం. వాకీటాకీలో మీట నొక్కి ఒకరి తరువాత ఒకరు మాట్లాడాలి, ఒక చెయ్యి దానికే పోతుంది. హెడ్‌సెట్‌లో ఫోనులో లాగా ఇద్దరూ ఒకేసారి మాట్లాడవచ్చు, రెండు చేతులూ మోకు మీదే ఉంటాయి.

అయితే దాని పరిధిని విద్యార్థులు స్పష్టంగా తెలుసుకోవాలి. బ్లూటూత్ రకం హెడ్‌సెట్లు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలతో పనిచేస్తాయి. చిన్నవాటికి పది మీటర్లు, శక్తిమంతమైనవాటికి ఆరుబయట వంద మీటర్ల వరకు అందుతుంది. ఇనుప గోడ, గుంపుగా నిలబడ్డ మనుషులు అడ్డమైతే ఆ దూరం తగ్గిపోతుంది. కాబట్టి ఇది లాంచీ లోపలి మాటకే పనికివస్తుంది, ఒడ్డుతో మాట్లాడటానికి కాదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద జరిగిన ప్రమాదం తరువాత, 2020 జూన్‌లో రాష్ట్రంలో తొమ్మిది చోట్ల బోటు కంట్రోల్ రూములు ప్రారంభమయ్యాయి. వాటిలో నాగార్జునసాగర్ ఒకటి. ఒడ్డుకు కబురు పంపాలంటే వేరే రేడియో సెట్టు ఉండాల్సిందే.

ఈ తరంగాలు నీటిలో కొన్ని సెంటీమీటర్లు కూడా సరిగా ప్రయాణించవు. నీళ్లలో పడ్డ మనిషి గొంతు హెడ్‌సెట్‌లో వినిపించదు. అందువల్ల ముందున్న మనిషి గొంతు హఠాత్తుగా ఆగిపోతే బ్యాటరీ అయిపోయిందిలే అనుకోకూడదు. సరంగు ముందు ఇంజనును న్యూట్రల్‌లో పెట్టి, మనిషి కనిపిస్తున్నాడో లేదో చూడాలి.

ఇక భాష సంగతి. పరికరం కొనేవారెవరూ దీన్ని ఆలోచించరు. తెలుగులో కాదనే అర్థం క్రియ చివర చేరుతుంది. ‘వదులు’, ‘వదలకు’, ‘ఆపు’, ‘ఆపకు’. సిగ్నల్ తెగి చివరి అక్షరం పోతే అర్థం తలకిందులవుతుంది. అందుకని ‘వదలకు’ బదులు ‘పట్టు’ అనాలి, ‘ఆపకు’ బదులు ‘రానీ’ అనాలి. దూరాన్ని ‘ఇంకొంచెం’ అనకుండా బారల్లో చెప్పాలి: ‘బాబాయ్, మూడు బారలు... రెండు... ఒకటి... ఆపు.’ సరంగు అదే మాటను తిరిగి పలకాలి. ఎడమ, కుడి అన్నవి లాంచీ ముఖం చూసే దిక్కును బట్టి చెప్పాలి. మోకు మనిషి సరంగు వైపు తిరిగి నిలబడితే అతని ఎడమ లాంచీకి కుడి అవుతుంది.

సరంగు ఒక చెవికే పెట్టుకునే రకం వాడటం మేలు. ఎదురొచ్చే పడవ హారన్ రెండో చెవికి వినబడాలి.

మోతను తగ్గించే మైకుకు రెండు రంధ్రాలుంటాయి. దూరం నుంచి వచ్చే ఇంజను శబ్దం రెండింటికీ దాదాపు సమానంగా తగిలి రద్దవుతుంది. దగ్గరి గొంతు ఒకదానికే గట్టిగా తగులుతుంది కనుక నిలుస్తుంది. మైకు పెదవికి ఒక వేలి దూరంలో, సరైన వైపు తిరిగి ఉంటేనే ఇది జరుగుతుంది. గడ్డం కిందికి జారిన మైకు పెట్టుకొని ‘సెట్టు పాడైంది’ అనేవారే ఎక్కువ. మైకు మీది స్పాంజి తొడుగు గాలి హోరును ఆపుతుంది. దాన్ని పీకి పారేయకండి. పలచని సబ్బు నీటితో కడిగి నీడన ఆరబెట్టి మళ్లీ తొడగండి.

సంరక్షణలో పల్నాటికి మొదటి శత్రువు ఎండ. రెంటచింతల వేడి గురించి మీకు చెప్పనక్కరలేదు. లిథియం అయాన్ బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జింగు చేయరాదు. అద్దాల గదిలో ఎండ పడేచోట వదిలేస్తే ఆ వేడి తేలిగ్గా దాటుతుంది. లాంచీలు నిలిచిపోయిన నెలల్లో సగం చార్జింగుతో చల్లని చోట ఉంచి, రెండు మూడు నెలలకొకసారి చూసుకోవాలి.

సాగర్ నీరు మంచినీరే. కానీ చెమటలో ఉప్పుంది. అది చార్జింగు పిన్నులను తినేస్తుంది. రోజూ పొడిగుడ్డతో తుడవాలి. నిజాంపట్నం వంటి సముద్ర రేవుల్లో పనిచేసేవారు ముందు మంచినీటిలో తడిపి పిండిన గుడ్డతో తుడవాలి. తడి ఆరకుండా చార్జింగు పెట్టరాదు. పెట్టెపై ఐపీఎక్స్4 అని ఉంటే చినుకులకు తట్టుకుంటుందని, ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందని అర్థం. చార్జింగు రంధ్రం మూత ఊడిన సెట్టుకు ఈ అంకె వర్తించదు.

అభ్యాసం: లాంచీని రేవుకు కట్టేటప్పుడు వాడే పది ఆజ్ఞలు రాయండి. ప్రతి మాటకూ చివరి అక్షరం కొట్టివేసి చదవండి. అర్థం మారినవాటికి వేరే మాటలు సూచించండి.