వ్యెలూన్ పట్టణము



యుద్ధమనగా సేనలును, కోటలును మన తలంపునకు వచ్చుట సహజము. రెండవ ప్రపంచయుద్ధమున మొట్టమొదట బాంబులు పడిన తావులలో నొకటి రోగులు పరుండియున్న ఆసుపత్రి. అది పోలెండు దేశమునందలి వ్యెలూన్ అను చిన్న పట్టణమున నుండెను. ఆ యూరి కథయే నేటి ప్రసంగము.

వ్యెలూన్ ప్రాచీనమైన పట్టణము. పదునాలుగవ శతాబ్దమున కాసిమీరు మహారాజు అచ్చట కోటను, ప్రాకారమును గట్టించెను. 1939 నాటికి జనసంఖ్య సుమారు 16,000. క్రైస్తవులును యూదులును ఇరుగుపొరుగున నివసించుచుండిరి. జర్మనీ పొలిమేర సుమారు 20 కిలోమీటర్ల దూరముననే యుండెను. ఆ సామీప్యమే యూరికి శాపమయ్యెను.

1939 సెప్టెంబరు 1వ తేదిని, జనులింకను నిదుర లేవకమునుపే, జర్మను విమానములు వచ్చి బాంబులు గురిపించెను. ఆసుపత్రిలోని రోగులు మంచములమీదనే మడిసిరి. సాయంకాలమునకు ఊరి నడుమభాగము చాలవరకు శిథిలమయ్యెను.

ఇట్లేల చేసిరి? సమీపమున పోలిషు గుర్రపుదండు కలదని జర్మనులు తలంచిరని కొందరు చరిత్రకారులందురు. ప్రజలను భయపెట్టుటకును, తమ విమానముల శక్తిని పరీక్షించుటకునే యని మరికొందరు. మృతుల సంఖ్యయు తేలలేదు. పేరులతో గుర్తింపబడినవారు నూటికి పైబడినవారు మాత్రమే. వేయి మించిరని మరియొక లెక్క. కూలిన గోడల క్రింద కుటుంబములకు కుటుంబములే పోయినపుడు లెక్క చెప్పువారెవ్వరు?

పిదప అయిదేండ్లకు పైగా ఆ యూరు జర్మనుల వశమున నుండెను. 1942లో అచ్చటి యూదులను హెల్మ్నో వధాస్థలమునకు గొనిపోయి చంపిరి. 1945 జనవరిలో సోవియటు సేనలు వచ్చి ఆక్రమణమును తొలగించెనే కాని, పోయిన పొరుగువారిని తిరిగి తేలేకపోయెను.

నాటి విమానములు నడిపినవారిలో నెవ్వరును ఈ కార్యమునకై శిక్షింపబడలేదు. ఎనుబదియేండ్లు గడచిన పిమ్మట, 2019 సెప్టెంబరు 1వ తేదిని, జర్మనీ అధ్యక్షుడు స్టైన్‌మయర్ ఆ యూరికే వచ్చి, తలవంచి, తన భాషలోను, పోలిషు భాషలోను క్షమాపణము వేడెను.

క్షమాపణము చచ్చినవారిని బ్రతికింపజాలదు గదా, దానివలన ఫలమేమని మీరడుగవచ్చును. గట్టు తగవులు తీర్చు పెద్దలైన మీకు నేను వేరుగ చెప్పవలసినది లేదు. పోయిన పంట తిరిగి రాదు. అయినను తప్పు చేసినవాడు నలుగురియెదుట దానిని తప్పని యొప్పుకొనువరకు ఏ తగవును తీరదు. వ్యెలూన్ ఆ యొక్క మాటకై ఎనుబదియేండ్లు వేచియుండెను.