జీరో చూశారు సరే... పెట్రోలు చూశారా?

‘జీరో చూస్కోండి సార్!’

బంకులో కుర్రాడు ఆ మాట అనగానే మన కళ్లు మీటరు మీద వాలిపోతాయి. సున్నా ఉందా? ఇచ్చిన డబ్బుకు సరిపడా పడిందా? అంతే... మూత బిగించి, బండి స్టార్ట్‌ చేసి వెళ్లిపోతాం. ఆ పైపులోంచి పడిందేమిటని మాత్రం ఎవరమూ అడగం. పెట్రోలే కదా, ఇంకేముంటుంది!

చాలానే ఉంది. ముప్ఫై ఏళ్ల క్రితం నాన్న స్కూటర్లో పోయించుకున్న పెట్రోలూ ఇవాళ మనం పోయించుకుంటున్నదీ ఒకటి కాదు. అందులోంచి ప్రభుత్వం ఒక విషాన్ని పూర్తిగా తీయించింది. ఇంకోదాన్ని దాదాపు లేకుండా చేసింది. ఆపైన, చెరకు నుంచీ ధాన్యం నుంచీ తీసిన ఇథనాల్‌ను ఐదో వంతు కలిపించింది. ఆ కథ తెలిస్తే మన జేబుకూ పిల్లల ఆరోగ్యానికీ దాంతో ఎంత సంబంధముందో అర్థమవుతుంది.

సీసం చేసిన చేటు

తొలినాళ్ల కార్లకు ఓ జబ్బుండేది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్‌ టకటకా కొట్టుకునేది. దాన్నే నాకింగ్‌ అంటారు. 1921లో అమెరికాలోని జనరల్‌ మోటార్స్‌లో పనిచేసే థామస్‌ మిడ్జ్‌లీ దానికి మందు కనిపెట్టాడు. సీసంతో తయారైన టెట్రా ఇథైల్‌ లెడ్‌ను పెట్రోల్లో రవ్వంత కలిపితే చాలు, చప్పుడు మాయం!

విచిత్రమేమిటంటే, ఇథనాల్‌ కలిపినా నాకింగ్‌ తగ్గుతుందని అప్పటికే తెలుసు. కానీ అది ఎక్కువ మోతాదులో కావాలి. సీసం చిటికెడు చాలు, పైగా దానిమీద పేటెంటూ ఉంటుంది. అలా లాభం సీసాన్నే ఎంచుకుంది. పొగతోపాటు ఆ సీసం గాల్లోకి, అక్కణ్నుంచి పిల్లల రక్తంలోకి చేరింది. వాళ్ల మెదడు ఎదుగుదలను దెబ్బతీసింది.

మన దేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు అమ్మడం మొదలైంది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా అదే. ప్రపంచంలో చివరగా అల్జీరియా 2021లో సీసం పెట్రోలును ఆపేసింది. ఓ తప్పును దిద్దుకోవడానికి లోకానికి సరిగ్గా వందేళ్లు పట్టిందన్నమాట!

రెండు రోజుల జాతర

సీసం తర్వాత వంతు గంధకానిది. పొగను శుభ్రపరిచేందుకు బండి గొట్టంలో క్యాటలిటిక్‌ కన్వర్టర్‌ ఉంటుంది. గంధకం దాని పని చెడగొడుతుంది. అందుకే ‘భారత్‌ స్టేజ్‌’ నిబంధనలతో గంధకానికి పగ్గాలు వేశారు. పెట్రోలు పది లక్షల పాళ్లుంటే అందులో గంధకం బీఎస్‌-2లో 500 పాళ్ల వరకూ ఉండొచ్చు. బీఎస్‌-3లో అది 150కి, బీఎస్‌-4లో 50కి తగ్గింది.

2017 మార్చి నెలాఖరు గుర్తుందా? ఏప్రిల్‌ 1 తర్వాత బీఎస్‌-3 బండ్లు అమ్మడానికి వీల్లేదని సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. అప్పటికి అమ్ముడుపోని వాహనాలు ఎనిమిది లక్షలకు పైనే. కంపెనీలు వేలల్లో ధర తగ్గించేసరికి షోరూముల ముందు జాతరే! వ్యాపారం కన్నా జనం ఆరోగ్యమే ముఖ్యమన్నది కోర్టు మాట. ఆ తర్వాత బీఎస్‌-5ను వదిలేసి ఒక్క గెంతులో 2020 ఏప్రిల్‌ 1న బీఎస్‌-6కి చేరాం. గంధకం ఇప్పుడు 10 పాళ్లే.

ట్యాంకులోకి ఇథనాల్‌

ఇంతవరకూ ‘తీసివేత’ల లెక్క. ఇక ‘కూడిక’ సంగతి. వందేళ్ల క్రితం పక్కన పెట్టేసిన ఇథనాల్‌ ప్రభుత్వ ఆదేశాలతో మళ్లీ వచ్చింది. 2003 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ సహా తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతం కలపడం ప్రారంభించారు. చాలాకాలం నత్తనడకే. 2022 జూన్‌కి 10 శాతం, 2025కల్లా 20 శాతం! 2030 నాటికి అనుకున్న లక్ష్యం ఐదేళ్లు ముందే చేరిపోయింది.

ఎందుకింత తొందర? మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి దేశాల నుంచే కొంటున్నాం. ఆ డబ్బులో కొంతైనా మన రైతుకు అందాలన్నది ప్రభుత్వ ఆలోచన.

మంచిదే. మరి మైలేజీ మాటేమిటి? లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. 10 శాతం ఇథనాల్‌కు సర్దుబాటు చేసిన పాత బండ్లలో 20 శాతం మిశ్రమం పోస్తే కార్లలో 6-7 శాతం, ద్విచక్ర వాహనాల్లో 3-4 శాతం మైలేజీ తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్‌ నివేదికే చెప్పింది. అంటే లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే స్కూటర్‌ 48 దగ్గర ఆగిపోవచ్చు. రబ్బరు పైపులు, వాషర్లు త్వరగా పాడయ్యే అవకాశమూ ఉంది. 2023 ఏప్రిల్‌ నుంచి తయారైన బండ్లలో దీన్ని తట్టుకునే భాగాలు వాడుతున్నారు. బాధంతా అంతకుముందు కొన్నవారిదే.

బండికా... కంచానికా?

లెక్క బండితోనే ఆగదు. చక్కెర నుంచి తీసే లీటరు ఇథనాల్‌కు కనీసం 2,860 లీటర్ల నీరు కావాలన్నదీ అదే నివేదిక. వానలు సరిగా లేక 2023 జులైలో ఎఫ్‌సీఐ బియ్యాన్ని ఇథనాల్‌కు ఇవ్వడం ఆపేశారు. డిసెంబరులో చెరకు రసానికీ కళ్లెం వేశారు. అప్పుడు భారం మొక్కజొన్న మీద పడింది. ఎగుమతి చేసే స్థితి నుంచి 2024లో మనమే మొక్కజొన్నను దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. కోళ్ల దాణాకు అదే ఆధారం మరి! ఇంకోవైపు, ఇథనాల్‌ ఫ్యాక్టరీ వద్దంటూ 2024 నవంబరులో నిర్మల్‌ జిల్లా దిలావర్‌పూర్‌లో జనం రోడ్డెక్కితే పనులు ఆపాల్సి వచ్చింది.

చెప్పి పోస్తే పోలా!

1975 నుంచీ ఇథనాల్‌ను నమ్ముకున్న దేశం బ్రెజిల్‌. అక్కడ మామూలు పెట్రోల్లోనే 30 శాతం ఇథనాల్‌ ఉంటుంది. కానీ అదే బంకులో అచ్చంగా ఇథనాలూ అమ్ముతారు, ధరలు వేర్వేరుగా కనిపిస్తాయి. ఇథనాల్‌ ధర పెట్రోలు ధరలో 70 శాతం లోపుంటేనే లాభమని అక్కడివాళ్లు బంకు దగ్గరే లెక్క వేసేసుకుంటారు. రెండింటితోనూ నడిచే బండ్లు వాళ్లకున్నాయి కాబట్టి నిర్ణయం వాళ్ల చేతిలోనే.

మన దగ్గరా ఇథనాల్‌ లేని పెట్రోలు దొరికేలా చూడాలనీ బంకుల్లో వివరాలు రాయాలనీ ఒకరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 సెప్టెంబరు 1న ఆ పిటిషన్‌ను కోర్టు కొట్టేసింది. సీసం, గంధకం తీసేసినప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు, విషాన్ని ఎవరు వద్దనుకోరు? కానీ కొత్తగా ఒకటి కలుపుతున్నప్పుడు, అందులోనూ కొంతమందికి ఖర్చు పెంచేదైనప్పుడు, ఒక్క మాట చెప్పి పోయడం న్యాయం.

అంతవరకూ మన జాగ్రత్త మనది. మాన్యువల్లో ‘ఇ-20’ అని ఉందేమో చూడండి. పాత బండైతే సర్వీసింగులో పైపులు చూపించండి. ఇథనాల్‌ తేమను పీల్చుకుంటుంది, వానాకాలంలో మూత గట్టిగా బిగించండి. నెలల తరబడి బండిని కదపకుండా ఉంచొద్దు.

ఈసారి కుర్రాడు ‘జీరో చూస్కోండి’ అన్నప్పుడు చూడండి, తప్పులేదు. చూశాక ‘ఇందులో ఇథనాల్‌ ఎంత బాబూ?’ అని కూడా అడగండి. పదిమంది అడిగితేనే పంపు మీద ఆ అంకె కనిపించే రోజు వస్తుంది.