మీ ఇంటి వరద మ్యాపు తేదీ ఎప్పుడైనా చూశారా?

పోయినవారం ఇల్లు కొనుక్కుంటున్న తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, ఇల్లు ఎక్స్ జోన్‌లో ఉందట, ఫ్లడ్ ఇన్సూరెన్స్ అక్కర్లేదంటున్నారు, నిజమేనా?" అని. 2014లో హ్యూస్టన్ పడమటివైపు మేం ఇల్లు కొన్నప్పుడు మాకూ ఇదే మాట చెప్పారు. నమ్మాం. 2017 ఆగస్టులో హార్వీ తుఫానుకి మా హాల్లో మోకాలిలోతు నీళ్ళు. మామూలు ఇంటి ఇన్సూరెన్స్ వరద నష్టానికి పనికిరాదని అప్పుడు తెలిసొచ్చింది.

ఫీమా మ్యాపుల్లో ఏ, వీ అక్షరాలతో మొదలయ్యే జోన్లు ప్రమాదం ఎక్కువున్నవి. అక్కడ బ్యాంకులు ఫ్లడ్ పాలసీ అడుగుతాయి. వాటి లెక్కకి ఆధారం 'వందేళ్ళ వరద'. పేరుచూసి వందేళ్ళకోసారి వస్తుందనుకునేరు! ఏటా నూటికి ఒక వంతు అవకాశమని దానర్థం. 30 ఏళ్ళ లోను తీరేలోపు ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. ఎక్స్ జోన్ అంటే అంతకంటే తక్కువనే గాని, అసలు రాదని కాదండీ.

అసలు చిక్కు మ్యాపు వయసుతో. 2001లో ఆలిసన్ తుఫాను తరవాత హ్యారిస్ కౌంటీ అంతా మళ్ళీ సర్వే చేశారు. ఆ మ్యాపులు 2007లో అమల్లోకి వచ్చాయి. 2018లో నోవా వానలెక్కలు సవరిస్తే, హ్యూస్టన్‌లో ఒక్కరోజు 'వందేళ్ళ వాన' సుమారు 13 అంగుళాల నుంచి 18కి పెరిగింది. పాత మ్యాపు పాత వానకి గీసింది కదా! ఈలోగా ఎంత గడ్డినేల కాంక్రీటైపోయిందో మీరే చూస్తున్నారు.

మావైపు ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్లున్నాయి. మామూలు రోజుల్లో నీళ్ళుండవు, పార్కుల్లా ఉంటాయి. హార్వీకి నిండి, నీళ్ళు ప్రభుత్వ భూమి దాటి ఇళ్ళలోకొచ్చాయి. ఫోన్‌లో సంగతంతా విని మా నాన్న, "చెరువు శిఖంల ఇల్లు కొన్నవా కొడుకా?" అన్నాడు. చెరువు నిండితే మునిగే భూమిని మావైపు శిఖం అంటారు. ఆయన ఒక్కమాటలో చెప్పింది మాకిచ్చిన కాగితాల్లో ఎక్కడా కనబడలేదు. 2019 నుంచి టెక్సస్‌లో ఇల్లమ్మేవాళ్ళు పాత వరదల సంగతి, రిజర్వాయర్ సంగతి రాసివ్వాలి. అడిగి తీసుకోండి.

మ్యాపు సరిగా ఉండటంలో మన వంతు కూడా ఉంది. నీళ్ళొస్తే, తుడిచేముందు గోడమీద మరక ఎత్తు కొలిచి, తేదీతో ఫొటో తీసి కౌంటీ వరద విభాగానికివ్వండి. ఇంజనీర్లు తమ లెక్కలు సరిచూసుకునేది ఇలాంటి గుర్తులతోనే. కొత్త మ్యాపు ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాలకి 90 రోజుల గడువిస్తారు. ఊరికే "మా ఇల్లు మునగదు" అంటే చెల్లదు, కొలతలు చూపించాలి. మీ ఇల్లు మెరకమీదుండి కూడా ఏ జోన్‌లో పడితే, లైసెన్సున్న సర్వేయర్ చేత ఎత్తు కొలిపించి, మ్యాపు సవరణకి ఫీమాకి రాయండి. ఫీమా రుసుము తీసుకోదు, సర్వేయర్ ఖర్చు మాత్రం మనదే.

ఇంకోమాట. ఫీమా ఫ్లడ్ పాలసీ మామూలుగా 30 రోజుల తరవాతగానీ అమలుకాదు. తుఫాను టీవీలో కనిపించాక పరిగెత్తితే లాభంలేదు.

ఆ తమ్ముడూ నేనూ ఫీమా మ్యాప్ సర్వీస్ సెంటర్‌లో అడ్రసు కొట్టి, షీటు మీద తేదీ చూశాం. 2007 జూన్. ఈ శనివారం ఇద్దరం వెళ్ళి, ఆ ఇంటి వెనక బేయూ ఎంత దూరముందో నడిచి చూడబోతున్నాం.